మక్వాలా గేటు

మంచుకొండల నడుమ మా ఊరు మెస్తియాలో ఆకాశం తెరిపిగా ఉన్న రోజు హెలికాప్టర్ ఎగురుతుంది. మంచు తుఫాను రోజు విందు జరుగుతుంది. రెండింట్లో ఏది ఎక్కువ ప్రమాదమో పైఅధికారులెవరూ ఇంతవరకు విచారణ జరిపించలేదు. మక్వాలా మాత్రం తన మటుకు తాను తేల్చేసుకుంది. విందే.

మక్వాలాకి యాభై తొమ్మిదేళ్ళు. ముప్ఫై ఏళ్ళు మా ఊరి పోస్టాఫీసులో పార్సెళ్ళు తూచింది. కాలక్రమేణా ఊళ్ళోకి పార్సెళ్ళు రావడం తగ్గి మనుషులు రావడం ఎక్కువైంది. హెలికాప్టర్లో కొండకొనకెక్కి, అక్కణ్ణుంచి స్కీల మీద కిందికి జారే సరదా ఉన్న మనుషులు. వాళ్ళని ఎగరేసే కంపెనీకి తూకం తెలిసిన మనిషి అవసరమైంది. పైలటుకి ప్రతివాడి బరువూ కావాలి, అదీ బూట్లతో, సంచీతో సహా. ఈ ఉద్యోగంలో చేరాక మక్వాలా గ్రహించిన మొదటి సత్యం ఏమిటంటే పార్సెల్ తన బరువు గురించి అబద్ధం చెప్పదు. మగవాళ్ళు ఐదు కిలోలు తగ్గించి చెబుతారు. ఆడవాళ్ళు నిజమే చెప్పి సంచీ సంగతి మర్చిపోతారు. అందుకని ఆవిడ అడగడం మానేసి, పోస్టాఫీసువాళ్ళు పారేసిన పాత తూకం మీదే అందర్నీ నిలబెట్టడం మొదలుపెట్టింది.

తొమ్మిది చలికాలాలు గడిచేసరికి సామాను గది మొత్తం ఆవిడ చేతికి వచ్చింది. మంచు తవ్వే పారలు, మడతపెట్టే పొడుగాటి కడ్డీలు, తాడు లాగితే బెలూన్లా ఉబ్బి మనిషిని మంచు పైకి తేల్చే సంచీలు, అన్నిటికన్నా ముఖ్యంగా బీకన్లు. బీకన్ అంటే అరచేతిలో పట్టే చిన్న పెట్టె. దాన్ని ఛాతీకి కట్టుకుంటారు. కట్టుకున్నవాడు మంచు చరియ కింద కూరుకుపోతే పైనున్నవాళ్ళ పెట్టెలు దాని పిలుపు విని, ఎక్కడ తవ్వాలో పీప్ పీప్‌మని చూపిస్తాయి. పావుగంటలో తవ్వి తీస్తే మనిషి దక్కుతాడు. అరగంట దాటితే సాధారణంగా ప్రార్థనలకి పురోహితుణ్ణి పిలుస్తారు.

ప్రతి బృందానికీ మక్వాలా ఒక పాఠం చెబుతుంది. హెలికాప్టర్ దగ్గరికి ఎప్పుడూ ముందు వైపునుంచే, పైలటుకి కనబడేలా, నడుం వంచి రావాలి. తోక దగ్గర తిరిగే రెక్క వైపు వెళ్ళినవాడికి తిరిగొచ్చే అవసరం ఉండదు. స్కీలు భుజాన వేసుకోకూడదు, చేత్తో కిందికి పట్టుకోవాలి. టోపీలు జేబులో పెట్టుకోవాలి. అది దిగుతున్నంతసేపూ సామాను పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తల వంచుకోవాలి. సెల్‌ఫోను బీకన్‌కి దూరంగా ఉంచాలి. ఈ పాఠం ఆవిడ ఏ నాలుగు వందల సార్లో చెప్పి ఉంటుంది. ఇప్పుడు రైల్వే స్టేషన్లో ఆలస్యాల గురించి ప్రకటన చేసే గొంతుతో చెబుతుంది. నాలుగు వందల సార్లూ ఎవడో ఒకడు నవ్వుతాడు. నవ్వినవాడి వైపు ఆవిడ చూడదు. చూసే ఓపిక అయిపోయి చాలాకాలమైంది.

పాఠం తర్వాత గేటు. గేటంటే మంచులో గుచ్చిన రెండు కర్రలు, వాటికి కట్టిన ఎర్రగుడ్డ, పక్కన కుర్చీలో మక్వాలా. ఆవిడ చేతిలో వెతికే పెట్టె, అది వింటుందే తప్ప పలకదు. ఒక్కొక్కరే, పదేసి అడుగుల ఎడంతో ఆవిడ ముందునుంచి నడవాలి. పీప్ అంటే ఆవిడ కాగితం మీద టిక్కు పెడుతుంది. అన్ని టిక్కులూ పడి, కింద ఆవిడ సంతకం ఉంటేనే పైలటు తలుపు వేస్తాడు. కోటీశ్వరులు, మంత్రుల బావమరుదులు, ఒక విశ్రాంత సైన్యాధిపతి, అందరూ ఆ రెండు కర్రల మధ్యనుంచే వెళ్ళారు. సైన్యాధిపతికి రెండుసార్లు పీప్ అనలేదు. మూడోసారి స్విచ్ వేసుకుని వచ్చాడు.

ఇంత పట్టింపు ఎందుకని బయటివాళ్ళు అడుగుతుంటారు. ఆవిడ చెప్పదు. మా ఊరివాళ్ళకి తెలుసు. ఎనభై ఏడు జనవరిలో కొండలమీది మంచు ఊళ్ళమీద పడ్డప్పుడు, కొత్త కోడలిగా ఆవిడ మేనత్త ఇంటి జనాన్ని తవ్వినవాళ్ళలో ఉంది. గడ్డి ఎత్తే పంగలకర్రలతో, రొట్టెల పొయ్యి పారలతో రెండు రోజులు తవ్వారు. రెండో రోజు సాయంత్రం తెలిసింది, తాము తవ్వుతున్న చోటుకి ఇల్లు పన్నెండడుగుల అవతల ఉందని.

ఇక ఈ ఫిబ్రవరి సంగతి.

పోలండ్ నుంచి ఎనిమిదిమంది దిగారు. దిగిన సాయంత్రమే తుఫాను పట్టుకుంది. ఐదు రోజులు. హెలికాప్టర్ గోతాం కప్పుకుని పడుకుంది. అతిథులు భోజనాల గదిలో చిక్కుకున్నారు. అతిథి చిక్కుకుంటే మావాళ్ళు ఊరుకోరు. మాంసం కూరిన రొట్టెలు, జున్నూ బంగాళాదుంపలూ కలిపి సాగదీసిన ముద్ద, గ్లాసుకో ప్రసంగం, ప్రసంగానికో గ్లాసు. ఆ ప్రసంగాలకి అధ్యక్షుడు బిముర్జా.

బిముర్జా మక్వాలా అక్క సియూరి కొడుకు. నలభై ఒక్కేళ్ళవాడు, కంపెనీలో ముందు గైడు. ముందు గైడంటే ఏ వాలులోనైనా అందరికంటే ముందు తనే జారి, మంచు విరిగి పడదని తేలాక మిగతావాళ్ళని రమ్మని చెయ్యూపేవాడు. కింద ఉన్నప్పుడు అతని బలహీనత ఒక్కటే, మర్యాద. మా వైపు ఒక ఆచారం ఉంది. ఇంటికొచ్చినవాడు ఏదన్నా చూసి బాగుందంటే, అది ఇక అతనిదే. తెలివైనవాళ్ళు అతిథి వచ్చే ముందు మంచి వస్తువులు లోపల పెట్టుకుంటారు. బిముర్జా బయట పెట్టుకునే రకం.

ఆ ఎనిమిదిమందిలో జిగ్మంట్ అని ఒక పళ్ళ డాక్టరున్నాడు. మంచి మనిషి, కాస్త నోరు తీపి. మొదటి రోజు బిముర్జా చాకు బాగుందన్నాడు. రెండో రోజు ఉన్ని టోపీ. మూడో రోజు వెండి కట్టిన కొమ్ముపాత్ర. నాలుగో రోజు, వేరే పని లేదు కదా అని, భోజనాల బల్ల దగ్గరే బిముర్జా బీకన్ పాఠం చెప్పాడు. మెడలోంచి తన పెట్టె తీసి చూపించాడు.

"ఆహా," అన్నాడు జిగ్మంట్. "ఏం పెట్టె అండీ. నాది దీని ముందు బొమ్మలా ఉంది."

బిముర్జా లేచి నిలబడి దాన్ని అతని మెడలో వేశాడు. గదిలో అందరూ లేచారు. స్నేహం గురించి, పోలండ్ గురించి, పళ్ళ గురించి మూడు ప్రసంగాలయ్యాయి. మక్వాలా ఆ సమయంలో సామాను గదిలో తడి బూట్లలోకి పాత వార్తాపత్రికలు కుక్కుతోంది. ఎవరూ ఆవిడకి చెప్పలేదు. చెప్పాల్సిన విషయమని కూడా ఎవరికీ తోచలేదు.

ఆరో రోజు పొద్దున్న ఆకాశం కడిగినట్టుంది. పదకొండు దాటితే శిఖరాల మీద గాలి లేస్తుందని పైలటు జౌర్ చెప్పాడు. అందరూ హడావిడిగా గేటు దగ్గరికొచ్చారు.

మొదట, అందరి వెనకా జారే వెనక గైడు దాటాడు. పీప్. ఇద్దరు అతిథులు. పీప్, పీప్. ఆ తర్వాత జిగ్మంట్ వచ్చాడు. మక్వాలా చేతిలోని పెట్టె కాసేపు అటూ ఇటూ బాణాలు చూపించి, ఈ ఒక్క మనిషిలో ఇద్దరున్నారని తేల్చింది.

"మీకు గుండెలు రెండా?" అంది మక్వాలా. పోలండ్ పెద్దమనిషికి చిన్నప్పుడు బళ్ళో బలవంతంగా నేర్పిన రష్యన్ ఇంకా కొంచెం మిగిలింది. ఆవిడకీ అంతే. వాళ్ళ సంభాషణ అందులో నడిచింది.

జిగ్మంట్ గర్వంగా జిప్పు దించాడు. ఛాతీ మీద పక్కపక్కన రెండు పెట్టెలు.

"ఇది నాది. ఇది బిముర్జాది. అంటే ఇప్పుడు నాదే. ప్రేమతో ఇచ్చాడు."

"ప్రేమ సంగతి సరే. రెండూ ఒకేసారి పలికితే కింద ఇద్దరున్నారనుకుంటాం. మిమ్మల్ని తీశాక ఆ రెండో ఆయన కోసం సాయంత్రం దాకా తవ్వుతాం. ఒకటి ఆపి జేబులో పడెయ్యండి."

అతను కానుకని ఆపి జేబులో పెట్టుకున్నాడు. ఆవిడ టిక్కు పెట్టింది. ఇంకో నలుగురు దాటాక తలెత్తి వరసలో బిముర్జా కోసం చూసింది. ఎప్పుడూ అందరికంటే ముందు దాటేవాడు ఆ రోజు అందరికంటే చివర ఉన్నాడు. ఒక ముసలాయన స్కీలు అందుకుని, ఆయన భుజానికి భుజం ఆనించి నడిచొస్తున్నాడు.

"ఈయన సామాను పట్టుకున్నా పిన్నీ. ఇద్దరం కలిసే దాటేస్తాం."

"పెళ్ళికెళ్తున్నారా? ఒక్కొక్కళ్ళే రండి."

ముసలాయన దాటాడు. పీప్. బిముర్జా దాటాడు. పెట్టె మౌనం వహించింది.

"చలికి నీ పెట్టె చెడిపోయినట్టుంది పిన్నీ."

మక్వాలా ముసలాయన్ని వెనక్కి పిలిచింది. పీప్. "చెడలేదు. జిప్పు తియ్యి."

"అందరి ముందూనా?"

"నీకు నేను నీళ్ళు పోశాను రా. తియ్యి."

తీశాడు. లోపల స్వెట్టరు, దాని మీద తాడుకి వేలాడుతూ సెయింట్ జార్జి బొమ్మ.

"ఈయన పీప్ అంటాడా?"

"అపచారం పిన్నీ."

"స్పేర్ పెట్టెలేవీ లేవు. రెండింటిని అతిథులు తీసుకున్నారు, మూడోది రిపేరుకి రాజధానికి, తిబిలీసీకి వెళ్ళింది. తుఫానుకి దారి మూసుకుపోయి అక్కడే ఉంది. ఊళ్ళో మిగతావాళ్ళవి వాళ్ళ వాళ్ళ మెడల్లో ఉన్నాయి. ఇప్పుడు నీ పెట్టె పళ్ళాయన జేబులో ఉంది. వెళ్ళి అడుగు."

"అడగాలా?" బిముర్జా గొంతు తగ్గించాడు. "బల్ల దాటి వెళ్ళినదాన్ని వెనక్కి అడగమంటావా? దానికన్నా నన్ను పాతిపెట్టు."

"పాతిపెడితే వెతకడానికి మళ్ళీ ఆ పెట్టే కావాలి."

"ఇరవై ఏళ్ళుగా ఈ కొండ నాకు తెలుసు."

"కొండకి నువ్వు తెలుసా? కనుక్కున్నావా?"

"ఒక్క రోజు పిన్నీ. అతను మెచ్చుకున్నాడు, నేనిచ్చాను. ఇప్పుడు అడిగితే మొహం ఎక్కడ పెట్టుకోను?"

"హెల్మెట్లో పెట్టుకో," అంది మక్వాలా. కుర్చీలోంచి లేచింది. ఆవిడ మోకాళ్ళు రెండూ చప్పుడు చేశాయి.

జిగ్మంట్ పాఠంలో చెప్పినట్టే స్కీల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ఆవిడ అతని ముందు నిలబడి, తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ వాడని ఒక మెత్తటి గొంతు తీసింది.

"జేబులోది ఎంత మంచి పెట్టె అండీ."

"అవునండి."

"చాలా మంచి పెట్టె."

"చాలా."

"అలాంటిది మా దగ్గర ఇంకొకటి లేదు."

జిగ్మంట్ ముఖం నిండా సానుభూతితో రెండో జేబులోంచి ఒక చాక్లెట్ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆచారం ఒకవైపునుంచే పనిచేస్తుందని మక్వాలాకి అర్థమైంది. ఇక మా లోయలో ఎవరూ బాహాటంగా చెయ్యని పని చేసింది. అడిగింది.

"అది వెనక్కివ్వండి. వాడికి వేరే లేదు."

డాక్టరు పాలిపోయాడు. "లేదా? నాకు తెలియదే. కానీ వెనక్కా? మీ ఆచారాల మీద పుస్తకం చదివాను నేను. కానుక తిరిగిస్తే ఆ ఇంటి గడప మీద ఉమ్మినట్టేనని రాశారు."

"సరిగ్గానే రాశారు."

"అయితే నన్ను ఉమ్మమంటారా?"

పరిస్థితి ఇదీ. ఇద్దరు మర్యాదస్థులు ఒకరి గౌరవాన్ని ఒకరు కాపాడుకుంటున్నారు. మధ్యలో ఒక మనిషి పీప్ అనకుండా, ఐదు రోజుల కొత్త మంచులోకి అందరికంటే ముందు దిగబోతున్నాడు. అక్కడున్న వాళ్ళలో గౌరవం పట్టింపు లేనిది ఆవిడ ఒక్కతే. పోస్టాఫీసులో చిరునామా తప్పున్న పార్సెల్ని చూసినట్టు కాసేపు ఆ ఇద్దర్నీ చూసింది.

"సరే. కానుక మీదే. ఛాతీకి అదే కట్టుకోండి. మీరు పోలండ్ నుంచి తెచ్చుకున్నది ఉంది కదా, ఆ బొమ్మలాంటిది, అది సాయంత్రం దాకా వాడికివ్వండి. అది కానుక కాదు, వాడుకోడానికి."

జిగ్మంట్ నొప్పెడుతున్న పన్ను దొరికినంత సంబరంగా రెండు పెట్టెలూ మార్చేసి, తన పాతది ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని గేటు దగ్గరికి తెచ్చింది.

బిముర్జా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"అతిథి ఒంటి మీది సామాను నేను కట్టుకోవాలా? రేపు ఊళ్ళో ఏమంటారో తెలుసా? బిముర్జా పరాయివాడి దగ్గర అరువు తెచ్చుకుని కొండెక్కాడంటారు."

"అంటారు. నువ్వుండి వింటావు."

హెలికాప్టర్ రెక్కలు అప్పటికే తిరుగుతున్నాయి. జౌర్ కిటికీలోంచి వాచీ చూపించి అరిచాడు. "అమ్మా, ఎగురుతున్నామా, టీ పెట్టుకుంటున్నామా?"

"ముందు గైడు ఇంకా రాలేదు."

"అడుగో, నీ ఎదురుగానే ఉన్నాడుగా."

"నా పెట్టెకి వినిపించడం లేదు. రాలేదనే లెక్క." ఆవిడ కాగితం మడిచి కోటులో పెట్టుకుంది. "ఆపెయ్యి నాయనా, ఇంధనం దండగ."

జౌర్ ఒక్క క్షణం చూశాడు. సంతకం లేని కాగితంతో ఎగిరితే లైసెన్సు పోతుంది. ఇంజను కట్టేశాడు. రెక్కలు నెమ్మదించి ఆగిపోయాయి. ఐదు రోజులు ప్రసంగాలు విన్న ఎనిమిదిమంది మోకాళ్ళ మీంచి తలలు తిప్పి బిముర్జా వైపు చూశారు. ఆ నిశ్శబ్దంలో పైకప్పుల మీంచి మంచు జారి పడుతున్న చప్పుడు వినిపించింది.

బిముర్జా పిన్ని చేతిలోంచి పెట్టె లాక్కున్నాడు. సెయింట్ జార్జి పక్కన కట్టుకుని జిప్పు మెడదాకా లాగాడు.

"ఈ రోజునుంచి నువ్వు నాకు పిన్నివి కావు."

"సరే. వెనక్కెళ్ళి మళ్ళీ నడిచి రా."

వెళ్ళాడు, వచ్చాడు. పీప్. ఆవిడ టిక్కు పెట్టి, సంతకం చేసి, కాగితం జౌర్‌కి అందించింది.

వాళ్ళు వెళ్ళాక కుర్చీని సామాను గదిలోని రేడియో దగ్గరికి లాక్కుని, తడి బూట్లలోకి కాగితాలు కుక్కుతూ కూర్చుంది. ఆ గదిలో ఆవిడ ఉద్యోగమంతా ఇదే, ఏమీ వినపడకూడదని వింటూ కూర్చోవడం. మొదటి వాలు, బాగుంది. రెండో వాలు, బాగుంది. మూడోదానికి ముందు బిముర్జా, "ఎడమకి వద్దు, కుడినుంచి రండి" అన్నాడు. ఆవిడ చేతిలోని బూటు అలాగే ఉండిపోయింది. తర్వాత అతనే, "అందరూ కిందకొచ్చేశారు" అన్నాడు. ఆవిడ ఆ బూటులోకి ఇంకో కాగితం కుక్కింది. అలా ఐదు వాలులు.

గాలి పదకొండుకి కాదు, ఒంటిగంటకి లేచింది. అప్పటికే అందరూ తిరిగొచ్చేశారు. ఎవరూ కూరుకుపోలేదు, ఏ చరియా విరగలేదు. మంచు బుద్ధిగా ప్రవర్తించింది. మక్వాలాకి అన్నిటికన్నా విసుగు పుట్టించే సంగతి ఇదే. కొండ ఏ రోజూ ఆవిడ తరఫున సాక్ష్యం చెప్పదు. పొద్దున్న అంత రభస దేనికి చేశారని పోలండ్ వాళ్ళలో ఒకడు తోటివాణ్ణి అడిగాడు కూడా. జరగనివాటికి యోగ్యతాపత్రాలిచ్చే ప్రభుత్వం ఇంకా ఏర్పడలేదు. ఏర్పడితే మక్వాలా ఇంటి గోడ చాలదు. ఆవిడ మాత్రం పొడి గుడ్డతో పారలు తుడిచి, కడ్డీలు ఒక్కొక్కటీ విప్పి చూసి మళ్ళీ మడిచింది. బిముర్జా డాక్టరు పెట్టెని డాక్టరుకే స్వయంగా ఇచ్చి, రెండు చేతులతో కౌగిలించుకుని, ఆవిడ గది ముందునుంచి తల తిప్పి చూడకుండా వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి వార్త రొట్టెల కొట్టు దాటింది. మక్వాలా అతిథి జేబులో చెయ్యి పెట్టిందని ఒక కథనం. అతిథి చొక్కా విప్పించిందని ఇంకొకటి. రెండో కథనానికే ఆదరణ ఎక్కువగా లభించింది. చీకటిపడకముందే అక్క సియూరి ఫోను చేసింది.

"నా కొడుకు పరువు తీశావట."

"తీశాను."

"నలుగురి ముందూ."

"ఎనిమిదిమంది. జౌర్‌తో, వెనక గైడుతో కలిపి పది."

అవతల గిన్నె మూత చప్పుడైంది.

"ఎక్కేటప్పుడు వాడి మెడలో ఉందా మరి?"

"ఉంది."

"పెట్టెయ్యి ఫోను. పొయ్యి మీద పాలున్నాయి."

ఆ గొడవ తర్వాత రెండు రోజులు గాలికి ఎవరూ ఎగరలేదు. మూడో రోజు దారి తెరుచుకుని రిపేరుకెళ్ళిన పెట్టె వచ్చింది. మక్వాలా దాన్ని బిముర్జా కొక్కేనికి తగిలించింది. అతను అడగలేదు, వచ్చి తీసుకున్నాడు. రోజూ గేటు దగ్గర వరసలో మొదట నిలబడి, తనే జిప్పు దించి, ఆవిడ తల మీదుగా కొండల్ని చూస్తూ దాటేవాడు. చెప్పవలసినవి జౌర్ ద్వారా నడిచేవి.

"ఆవిడకి చెప్పు, రెండు కడ్డీలు వంగాయని."

"అమ్మా, రెండు కడ్డీలు..."

"విన్నాను. అతనికి చెప్పు, గుమ్మం దగ్గర పెట్టమని."

"ఇద్దరికీ మూడడుగుల దూరం లేదు," అన్నాడు జౌర్. "నేను హెలికాప్టర్ నడపడానికి జీతం తీసుకుంటున్నాను."

పోలండ్ వాళ్ళు వెళ్ళిపోయారు. నార్వే వాళ్ళు వచ్చారు. వాళ్ళేదీ మెచ్చుకోరు, అంచేత ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. గొడవైన పన్నెండో రోజు పొద్దున్న, ఇంకా ఎవరూ రాకముందు, బిముర్జా గేటు దగ్గరికొచ్చి గుడ్డలో చుట్టిన పొట్లం ఒకటి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. విప్పితే మాంసం రొట్టె, ఇంకా పొగలొస్తోంది.

"అమ్మ ఇమ్మంది," అన్నాడు. పిన్ని అనలేదు.

"ఉప్పు ఎక్కువేసిందా?"

"తిని చూడు."

ఆవిడ చేతి తొడుగు తీసి ఓ ముక్క తుంచి నోట్లో వేసుకుంది. రెండో ముక్క అతనికి ఇచ్చింది. ఇద్దరూ కొండ వైపు చూస్తూ నమిలారు.

"ఎక్కువే," అంది.